మిగిలిన వెలుగే రంగు

నేను బొమ్మలు వేసుకునే బల్ల ఎదురుగా గోడకి ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద నాలుగు గళ్లు. నాలుగింట్లోనూ ఉన్నది పసుపూ నీలం కలిపిన రంగే. మొదటి గడి అప్పుడే వేసిన చిగురులా నిగనిగలాడే ఆకుపచ్చ. రెండోది కాస్త బరువెక్కిన ముదురాకు రంగు. మూడోది మబ్బు పట్టినప్పుడు కనిపించే చెట్టులా మెత్తబడిన ఆకుపచ్చ. నాలుగో గడిని ఆకుపచ్చ అనడానికి నాకు మనసొప్పదు. ఎండిన నాచు రంగు అంటే సరిపోతుందేమో. రెండు పసుపులు, రెండు నీలాలు తీసుకుని ఒక్కో పసుపుని ఒక్కో నీలంతో జత కడితే వచ్చిన నాలుగు ఫలితాలు ఇవి.

"పసుపూ నీలం కలిపితే ఆకుపచ్చ" అని మనందరం చిన్నప్పుడే బట్టీ పట్టాం. రెండు రెళ్లు నాలుగు అన్నంత ధీమాగా పిల్లలకీ చెబుతాం. ఆ ధీమాకి ఆధారం లేదని ఈ కాగితం చెబుతోంది. "పసుపు", "నీలం" అనేవి మన కంటికి తోచినదానికి మనం పెట్టుకున్న పేర్లు. ట్యూబులో ఉన్నది మాత్రం ఒక పదార్థం, మెత్తగా నూరిన ఒక పొడి. కలిసేవి ఆ పొడులే, పేర్లు కలవవు. అందుకే రంగులు కలపడాన్ని పేర్ల కూడికలా నేర్పడం మానేయాలని, ఏ పదార్థం వెలుగులో ఏ భాగాన్ని మింగుతుందో చూపించి నేర్పాలని నా వాదన. ఇది పుస్తకాలు చదివి పట్టుకున్న పట్టుదల కాదు. నాకు దీని వెనక ఒక పాత బాధ ఉంది.

పదేళ్ల వయసులో ఊదారంగు పువ్వు వెయ్యాలనుకున్నాను. నా రంగుల పెట్టెలో ఊదా లేదు. ఎరుపూ నీలం కలిపితే ఊదా వస్తుందని పుస్తకంలో ఉంది. బొమ్మల పాఠం చెప్పే ఆవిడా అదే చెప్పారు. కలిపాను. గడ్డకట్టిన నెత్తురులాంటి ముదురు మట్టిరంగు వచ్చింది. నీలం ఇంకాస్త వేశాను. నల్లబడింది. ఎరుపు వేశాను. మళ్లీ మట్టిరంగే. ఆవిడ చూసి "కుంచె సరిగ్గా కడగలేదు, అందుకే మురికైంది" అన్నారు. కుంచె మూడుసార్లు కడిగాను. నీళ్లు మార్చాను. కొత్త పళ్లెంలో మొదట్నుంచీ కలిపాను. అదే మట్టిరంగు. చివరికి ఆ పువ్వుని ఎర్రగా వేసేశాను. నా చేతికి రంగులు పలకవని ఆ రోజు నమ్మాను. ఆ నమ్మకం ఇరవై ఏళ్లు పోలేదు. ఎవరి మీదా కోపంతో చెప్పడం లేదు, ఆవిడకి కూడా అలాగే నేర్పి ఉంటారు. కానీ తప్పు కుంచెది కాదు, నాది కూడా కాదు. ఆ పెట్టెలో ఉన్న ఎరుపుకీ నీలానికీ కలిసి ఊదాని ఇచ్చే శక్తే లేదు. ఎందుకు లేదో తెలియాలంటే వెలుగు దగ్గరికి వెళ్లాలి.

మన కన్ను చూడగలిగే వెలుగు దాదాపు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల మధ్య ఉంటుంది. లెక్క తేలికగా ఉండటానికి దాన్ని మూడు ముక్కలు చేద్దాం. 400 నుంచి 500 దాకా నీలి భాగం, 500 నుంచి 600 దాకా ఆకుపచ్చ భాగం, ఆపైన ఎర్ర భాగం. కంటిలో రంగుల్ని పసిగట్టే మూడు రకాల శంకు కణాలకీ ఈ ముక్కలకీ సుమారుగా పొత్తు కుదురుతుంది కాబట్టి ఈ విభజన మరీ మోటుది కాదు. తెల్ల కాగితం మూడు ముక్కల్నీ వెనక్కి పంపుతుంది. దాని మీద రంగు పొర వేశామంటే ఆ పొర కొంత వెలుగుని మింగి, మిగిలినదాన్ని వదులుతుంది. ఆ మిగిలినదే మన కంటికి చేరే రంగు. పసుపు పొడి నీలి భాగాన్ని మింగేసి, ఆకుపచ్చనీ ఎరుపునీ వదిలేస్తుంది. ఆ రెండూ కలిసి కంట్లో పడితే మనకి పసుపు అనిపిస్తుంది. కొత్తగా విన్నవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. పసుపు రంగు వస్తువు నుంచి మన కంటికి వచ్చేదాంట్లో పసుపు కాంతి చాలా కొంచెమే, ఎక్కువ భాగం ఆకుపచ్చా ఎరుపూ.

ఇప్పుడు రెండు పొడులు కలిపితే ఏమవుతుంది? రెండూ మింగుతాయి. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, వెలుగులో తన వాటా ఒకటి తీసేస్తే, రెండోది తన వాటా తీసేస్తుంది. రెండూ వదిలేసిన ముక్క ఏదైనా ఉంటే అదే బయటికి వస్తుంది. కొత్త రంగు పుట్టిందంటాం గానీ నిజానికి అక్కడ పుట్టిందేమీ లేదు. అది ముందు నుంచీ రెంటిలోనూ దాగి ఉన్నదే. చాలావరకు రసాయన చర్య కూడా ఉండదు. భూతద్దానికి బదులు మంచి మైక్రోస్కోపు పెట్టి చూస్తే పసుపు రేణువులు పసుపుగానే, నీలం రేణువులు నీలంగానే పక్కపక్కన ఉంటాయి. వెలుగు మాత్రం ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకి తగులుతూ, ప్రతిచోటా కొంత పోగొట్టుకుంటూ బయటపడుతుంది.

నా కాగితం మీది మొదటి గడిలో ఉన్నది థాలో బ్లూ అనే నీలం, నిమ్మపండు పసుపు. థాలో బ్లూ ఎర్ర భాగాన్ని దాదాపు పూర్తిగా మింగేస్తుంది. నీలి భాగాన్ని వదులుతుంది, దాంతోపాటు ఆకుపచ్చలో కూడా మంచి వాటా వదులుతుంది. నిమ్మ పసుపు నీలి భాగాన్ని తీసేస్తుంది, ఆకుపచ్చని అలాగే ఉంచుతుంది. ఇద్దరూ ముట్టుకోని ముక్క ఆకుపచ్చ. అందుకే అంత నిగారింపు. నాలుగో గడిలో ఉన్నది అల్ట్రామెరైన్, నారింజ వైపు మొగ్గే ముదురు కాడ్మియం పసుపు. అల్ట్రామెరైన్ ఊదా వైపు మొగ్గే నీలం. ఆకుపచ్చని పెద్దగా వదలదు. ఆ పసుపు కూడా ఆకుపచ్చలో కొంత కొరికేస్తుంది. కాబట్టి మిగిలే ఆకుపచ్చ తక్కువ, దానికి కొంచెం ఎరుపు కూడా తోడవుతుంది. అదే ఎండిన నాచు.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. అచ్చంగా నీలి భాగాన్ని మాత్రమే వదిలే నీలం, అచ్చంగా పసుపు తరంగాలని మాత్రమే వదిలే పసుపు దొరికాయనుకుందాం. రెంటినీ కలిపితే ఆకుపచ్చ రాదు, నలుపు వస్తుంది. ఒకటి వదిలింది ఇంకొకటి మింగేస్తుంది కదా. అంటే మనం చూసే ప్రతి ఆకుపచ్చ మిశ్రమం ఆ రెండు పొడుల "కల్తీ" వల్లే సాధ్యమైంది. శుద్ధమైన మూల రంగుల నుంచి మిగతావన్నీ పుడతాయని పాఠం చెబుతుంది. అసలు సంగతి అందుకు పూర్తిగా తలకిందులు. రంగులు పక్క రంగుల్లోకి ఒలికి ఉండబట్టే కలుస్తాయి.

ఈ చోట మన భాష గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. తెలుగులో "పచ్చ" అన్న ఒక్క మాటే పసుపుకీ ఆకుపచ్చకీ రెంటికీ సరిపోయేది. పసుపుపచ్చ అన్నా పచ్చే, ఆకుపచ్చ అన్నా పచ్చే. పచ్చకామెర్లలో పచ్చ పసుపు, పచ్చగడ్డిలో పచ్చ ఆకుపచ్చ. పసుపు పొడి ఆకుపచ్చ కాంతినంతా దాచకుండా వదిలేస్తుందని తెలిశాక ఆ మాట నాకు ఇంకా ముద్దొచ్చింది.

ఇప్పుడు నా ఊదా పువ్వు. ఆ పెట్టెలోని ఎరుపు నారింజ వైపు మొగ్గే ఎరుపు. నీలి భాగాన్నీ ఆకుపచ్చ భాగాన్నీ రెంటినీ మింగేస్తుంది. నీలమేమో ఎర్ర భాగాన్ని మింగేస్తుంది. ఇద్దరూ కలిసి మూడు ముక్కల్నీ తినేశాక ఏం మిగులుతుంది? మసకబారిన ఎర్రటి చీకటి. అదే నాకు వచ్చిన మట్టిరంగు. ఊదా కావాలంటే నీలి భాగాన్ని మింగని ఎరుపు కావాలి, అంటే మెజెంటా. క్వినాక్రిడోన్ మెజెంటాని అల్ట్రామెరైన్‌తో కలిపిన రోజు పళ్లెంలో ఊదా తేటగా తేలింది. ముప్పై దాటిన మనిషిని, ఆ పళ్లెం ముందు కూర్చుని ఏడ్చాను.

వెలుగుల్ని కలపడం వేరు, పొడుల్ని కలపడం వేరు అన్న సంగతి తేలడానికి పెద్ద పెద్ద బుర్రలకే చాలా కాలం పట్టింది. 1704లో అచ్చయిన 'ఆప్టిక్స్'లో న్యూటన్ ఒక ప్రయోగం రాశాడు. హరిదళపు పసుపు, ఒక ఊదా, ఒక నీలం, రాగి చిలుము ఆకుపచ్చ పొడుల్ని పాళ్లు చూసుకుంటూ కలిపితే బూడిదరంగు వచ్చింది. ఆ పొడిని నేల మీద ఎండ పడేచోట పెట్టి, పక్కనే నీడలో తెల్ల కాగితం పెట్టి, ఇంటికొచ్చిన స్నేహితుణ్ణి గుమ్మం దగ్గరే ఆపి "ఈ రెంటిలో ఏ తెలుపు బాగుంది?" అని అడిగాడు. రెండూ మంచి తెలుపులేనన్నాడు ఆయన. బూడిద అంటే వెలుగు తగ్గిన తెలుపేనని న్యూటన్ చూపించాడు. పొడులు కలిపినకొద్దీ వెలుగు తగ్గుతుందనీ ఆయనకి తెలుసు. అయినా చిత్రకారుల పసుపూ నీలం ఆకుపచ్చగా ఎందుకు మారతాయన్న ముడి తర్వాత దాదాపు 150 ఏళ్లు అలాగే ఉండిపోయింది. 1852లో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త పట్టకం నుంచి వచ్చిన పసుపు కాంతినీ నీలి కాంతినీ ఒకేచోట పడేలా చేశాడు. ఆకుపచ్చ రాలేదు, తెలుపు వచ్చింది. కాంతులు కలిస్తే చేరిక, పొడులు కలిస్తే తీసివేత అన్న తేడాని విడమర్చి చెప్పింది ఆయనే.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. గుండ్రంగా కత్తిరించిన అట్ట మీద సగం పసుపు, సగం అల్ట్రామెరైన్ వేసి, మధ్యలో పుల్ల గుచ్చి వేగంగా తిప్పితే బూడిదరంగు కనిపిస్తుంది. అవే రెండు రంగుల్ని తడిగా పళ్లెంలో కలిపితే ఆకుపచ్చ. తిరిగే అట్ట మీద రెండు రంగుల వెలుగులూ కంట్లో సగటుగా కలుస్తాయి, ఏదీ ఇంకోదాన్ని మింగదు. నా దృష్టిలో రంగుల గురించి ఒక్క ప్రయోగమే చూపించగలిగితే ఇదే చూపించాలి. కంప్యూటర్‌లో బొమ్మలు వేసేవాళ్లకి పసుపు మీద నీలం రుద్దితే బూడిద రావడం అనుభవమే. చాలా సాఫ్ట్‌వేర్లు కూడా ఇలా సగటు తీస్తాయి. 2021లో వచ్చిన మిక్స్‌బాక్స్ అనే పద్ధతి ఆ సగటుని పక్కనపెట్టి, అసలు పొడులు చేసే లెక్కనే అనుకరిస్తుంది. అందులో నీలం పసుపు కలిస్తే ఆకుపచ్చే వస్తుంది.

అయితే ఎరుపు, పసుపు, నీలం మూల రంగులన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? ఊరికే పుట్టిన మూఢనమ్మకమైతే కాదు. 1725 ప్రాంతంలో లె బ్లోన్ అనే అచ్చు కళాకారుడు ఆ మూడు రంగుల పలకలతో బొమ్మలు అచ్చువేసి చూపించాడు. పదార్థాల రంగులు కలిస్తే నలుపు వైపు, వెలుగు రంగులు కలిస్తే తెలుపు వైపు వెళ్తాయని కూడా రాశాడు. ఆ కాలానికి ఆ మూడూ మంచి జవాబే. ఎందుకంటే చేతిలో ఉన్న సరుకు అంతే. ఎండకి వెలవని మెజెంటా అప్పుడు లేదు. క్వినాక్రిడోన్ రంగులు మార్కెట్‌లోకి వచ్చింది 1958లో. థాలో బ్లూ వచ్చింది 1935లో, అదీ ఒక ఫ్యాక్టరీలో పాత్ర పగిలి అనుకోకుండా ఏర్పడిన నీలి మలినాన్ని గమనించడం వల్ల. అల్ట్రామెరైన్ అయితే 1828 దాకా లాజవర్దం రాయిని నూరి తీయాల్సిందే. చేతికందే పొడులు మారాయి. పాఠం మారలేదు. 18వ శతాబ్దపు రంగుల డబ్బాని మనం ప్రకృతి నియమం అనుకుని పిల్లలకి అప్పజెబుతున్నాం.

ప్రింటర్‌లో సయాన్ (ఆకుపచ్చ వైపు మొగ్గే లేత నీలం), మెజెంటా, పసుపు ఎందుకుంటాయో ఇప్పుడు చెప్పడం తేలిక. వాటిలో ప్రతి ఒక్కటీ మూడు ముక్కల్లో ముఖ్యంగా ఒక్కదాన్నే మింగుతుంది. సయాన్ ఎరుపుని, మెజెంటా ఆకుపచ్చని, పసుపు నీలాన్ని. ఒక్కొక్కటీ ఒక్కొక్క ముక్కనే తీసేస్తే మన అదుపులో ఎక్కువ ఉంటుంది. నాలుగో ఇంకు నలుపు. పై మూడూ కలిసి నిక్కమైన నలుపుని ఇవ్వలేవు, అక్షరాలు స్ఫుటంగా రావు, కాగితం ఇంకుతో తడిసి ముద్దవుతుంది, అందుకని. ఈ మూడిటికి కూడా నేను గుడి కట్టను. ఏ మూడు పొడులు తీసుకున్నా కంటికి కనిపించే రంగులన్నీ రావు. మంచి అచ్చుపనిలో నారింజ, ఆకుపచ్చ, ఊదా ఇంకులు విడిగా చేర్చేది అందుకే.

తెలుపు గురించి పాఠాల్లో ఒక్క ముక్కే ఉంటుంది, "లేతగా చేస్తుంది" అని. అది చేసే పని అంతకంటే చాలా పెద్దది. తెల్ల పొడి వెలుగుని మింగదు, చెదరగొడుతుంది. టైటానియం తెలుపు వక్రీభవన గుణకం, అంటే వెలుగుని ఎంతగా వంచుతుందో చెప్పే అంకె, సుమారు 2.7, దాన్ని పట్టి ఉంచే నూనెది 1.5. ఈ తేడా ఎంత ఎక్కువైతే ప్రతి రేణువు దగ్గరా వెలుగు అంత గట్టిగా దారి మళ్లి వెనక్కి వస్తుంది. సుద్దపొడి గుణకం 1.6 దరిదాపుల్లో ఉంటుంది, అందుకే నూనెలో కలిపితే సుద్ద తెలుపు పోయి ఇంచుమించు పారదర్శకం అవుతుంది. అంటే తెలుపు కూడా ఒక రంగుపొడిలో స్థిరంగా ఉండే గుణం కాదు, అది దేనిలో ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఎరుపులో తెలుపు వేస్తే లేత ఎరుపు రావాలి కదా, చల్లటి గులాబీ ఎందుకొస్తుందని నేను చాలా కాలం టెన్షన్ పడేదాన్ని. ముదురు పొరలో వెలుగు లోతుకి వెళ్లి అన్నీ పోగొట్టుకుని వస్తుంది. తెలుపు కలిస్తే పైపైనే చెదిరి వెనక్కి వచ్చేస్తుంది కాబట్టి, ఆ ఎరుపు మొహమాటంగా వదిలే కొద్దిపాటి నీలి కాంతి కూడా బయటపడుతుంది. ఒక పొడి ఎంత పీల్చుకుంటుంది, ఎంత చెదరగొడుతుంది అన్న రెండు అంకెలతో మిశ్రమం రంగుని లెక్కగట్టే పద్ధతిని 1931లో కుబెల్కా, మంక్ ఇచ్చారు. కంప్యూటర్‌తో షేడ్ కలిపే లెక్కలకి ఇప్పటికీ పునాది అదే.

నేనిలా మాట్లాడితే, బొమ్మలు నేర్పే స్నేహితురాలు ఒకావిడ ఒప్పుకోదు. ఆవిడ వాదన కొట్టిపారేసేది కాదు. ఆరేళ్ల పిల్లలకి తరంగదైర్ఘ్యాలు చెప్పలేం, ఎరుపు పసుపు నీలం అంటే వెంటనే అర్థమవుతాయి, పైగా ఆ మూడింటితో వేసిన బొమ్మల్లో రంగులు ఒకదానితో ఒకటి ఒదిగి ఉంటాయి అంటుంది. చివరి మాట నూటికి నూరుపాళ్లు నిజం. మందకొడి మిశ్రమాలకి ఒక అందం ఉంది, మట్టిరంగులు లేకపోతే చెట్టు బెరడు ఎలా వేస్తాం? కావాలని మూడే రంగులు పెట్టుకుని పని చేసే చిత్రకారులంటే నాకూ గౌరవమే. కానీ అది ఎంపిక. ఎంపికని నియమంగా చెప్పినప్పుడే చిక్కు. నియమం అన్నాక అది పనిచేయని రోజున పిల్లలు నియమాన్ని అనుమానించరు, తమ చేతిని అనుమానిస్తారు. ఇక కష్టం అంటారా, "ఇది ఏ వెలుగుని తినేస్తుంది?" అనే ప్రశ్న ఆరేళ్ల పిల్లకి కష్టం కాదు. నా చెల్లెలి కూతురికి నేను నేర్పింది అదొక్కటే.

పెద్దవాళ్లకైతే ఇంకో మాట చెప్తాను. ట్యూబు ముందువైపు రాసిన అందమైన పేరు చదవకండి, వెనక సన్నటి అక్షరాల్లో ఉండే నంబరు చదవండి. అల్ట్రామెరైన్ అయితే పీబీ 29, థాలో బ్లూ అయితే పీబీ 15, క్వినాక్రిడోన్ మెజెంటా అయితే పీఆర్ 122, టైటానియం తెలుపు పీడబ్ల్యూ 6. 1920లలో మొదలైన కలర్ ఇండెక్స్ అనే పట్టికలోని నంబర్లివి. పేరు ఒకటే అయినా రెండు ట్యూబుల్లో రెండు వేరే పొడులు ఉండొచ్చు. ఒకే ట్యూబులో మూడు పొడులు కలిపి ఉండొచ్చు కూడా. అలాంటిదాంట్లో ఇంకో రంగు కలిపితే నలుగురు కలిసి వెలుగుని పంచుకుంటున్నట్టే, మిగిలేది మట్టే. ఒక్క నంబరు ఉన్న ట్యూబులు నాలుగైదు ఉంటే చాలు. ఇరవై నాలుగు రంగుల పెట్టె కన్నా వాటితో ఎక్కువ రంగులు తీయగలరు, పైగా ఏది ఎందుకు వచ్చిందో చెప్పగలరు.

మొన్న మా చెల్లెలి కూతురు వచ్చినప్పుడు గోడ మీది కాగితం చూసి, "పెద్దమ్మా, నీలం లేకుండా ఆకుపచ్చ చేస్తా చూడు" అంది. నిమ్మ పసుపులో చీపురు పుల్లతో ఇంత నలుపు వేసి కలిపింది. ముదురు ఆలివ్ ఆకుపచ్చ వచ్చింది. మసినలుపు అన్ని తరంగాల్నీ మింగుతుంది, పలచబడితే మాత్రం కొంచెం నీలి ఛాయ చూపిస్తుంది. దానికి తోడు పసుపు తాలూకు వెలుగు తగ్గగానే మన కన్ను దాన్ని ఆకుపచ్చ వైపు చదువుకుంటుంది. అదంతా నేను తర్వాత చెప్పాను. ఆ పిల్లకి ముందే తెలుసు, ఎవరూ చెప్పకుండా తనే ఒక రోజు పొరపాటున చూసిందట. నాలుగు గళ్ల పక్కన ఐదో గడి గీసి ఆ రంగు నింపింది. కింద పేరేం రాయాలి అని అడిగింది. ట్యూబుల వెనక ఉన్న నంబర్లు రెండూ రాయమన్నాను. పీవై 3, పీబీకే 7 అని వంకర అక్షరాలతో రాసి, ఆ రెంటి మధ్య కూడిక గుర్తు పెట్టబోయి ఆగింది. "ఇది తీసివేత కదా" అంది. కాసేపు ఆలోచించి, ఏ గుర్తూ పెట్టకుండా ఖాళీ వదిలేసింది.